బదిలీవాడి చోటు

నెలనెలా శీర్షిక: సైరను తర్వాత

పోయిన నెల పి.ఎఫ్. కాగితాల గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. ఇద్దరు ముగ్గురు ఇంటికే వచ్చి కాగితాలు చూపించుకొని పోయారు. సంతోషం. ఈ నెల కూడా అదే సాగించమన్నారు గానీ, ఈ ఒక్కసారికి నాకు సెలవివ్వండి. ఫుట్‌బాల్ గురించి రాయాల్సి వచ్చింది. అమ్మలూ అక్కలూ, పేజీ తిప్పెయ్యకండి. ఇందులో ఒక పిల్లవాడి సంగతి ఉంది, ఒక పెద్దాయన సంగతి ఉంది. నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

షోలాపూరులో, భీవండిలో ఉన్న మనవాళ్లకు క్రికెట్టే లోకం కావచ్చు. ఇక్కడ ఉత్తర చెన్నైలో అట్లా కాదు. పెరంబూరు, పులియాంతోపు, వ్యాసర్పాడి పక్కల పుట్టిన పిల్లవాడి చేతికి బ్యాటు రాకముందే కాలికి బంతి తగులుతుంది. వ్యాసర్పాడిని చిన్న బ్రెజిల్ అంటారు. బి అండ్ సి మిల్లు 1996లో మూతపడింది. సైరను పోయింది, షిఫ్టులు పోయినాయి, బంతి మాత్రం పోలేదు.

మా వీధి చివర బావ టీ కొట్టు ఉంది. వరసకు బావ. మిల్లులో వైండింగు డిపార్టుమెంటులో చేసి, మూసేసినాక ఆ కొట్టు పెట్టుకున్నాడు. శనివారం రాత్రి ఇంగ్లాండులో ఆటలవుతాయి. ఆదివారం పొద్దున అవే ఆటలు బావ కొట్టు ముందర మళ్లీ అవుతాయి, ఈసారి నోటితో. సగం మంది పిల్లలు లివర్‌పూల్ పక్షం, మిగతావాళ్లు ఆర్సెనల్, మాంచెస్టర్. "మనకేంరా లివర్‌పూల్‌తో చుట్టరికం?" అని ఒకసారి అడిగాను. తర్వాత నాకే గుర్తొచ్చింది, లేకపోలేదు. మాంచెస్టరు మిల్లులకు పోయే పత్తి మూటలు దిగింది ఆ లివర్‌పూల్ రేవులోనే. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయిన 1860ల్లో మన దేశం పత్తి కూడా ఎక్కువెక్కువగా పోయింది ఆ రేవుకే. అదీ మూటలు మోసినవాళ్ల ఊరే.

ఇంక గొడవకు వస్తాను. మా వాడ జట్టు వరసగా రెండు ఆటలు ఓడింది. రెండుసార్లూ గోల్స్ మధ్యలోంచే పడ్డాయి. అవతలివాళ్లు బంతి తీసుకొని నడిమధ్యలో నడుచుకుంటూ వచ్చేస్తుంటే ఆపేవాడు లేడు. అందుకని పిల్లలు కొరుక్కుపేట నుంచి ఒకణ్ని తేవాలంటారు. వాడేదో కంపెనీ జట్టుకు ఆడతాడంట. ఆటకింత అని డబ్బు ఇవ్వాలి. "వాడొస్తే సిక్స్‌లో పెట్టి 4-3-3 ఆడొచ్చు" అని ఒకడు. "కాదు, వాడికి తోడుగా ఇంకొకణ్ని పెట్టి 4-2-3-1 ఆడాల" అని ఇంకొకడు. కోచ్ సారు మాత్రం ఎవరినీ తేవద్దంటాడు. "మన సెంటర్ ఫార్వర్డునే వెనక్కి దించి అక్కడ ఆడిస్తా" అన్నాడు. ఆ సెంటర్ ఫార్వర్డు ఎవరో కాదు, మా కూతురి కొడుకు. పదిహేడేళ్ల వాడు.

ఈ అంకెలు తెలియనివాళ్ల కోసం చెప్తాను. గోలీని లెక్కలోకి తీసుకోరు. మిగతా పదిమందిని వెనకనుంచి ముందుకు లెక్కపెడతారు. 4-3-3 అంటే వెనక నలుగురు కాపలా, మధ్యలో ముగ్గురు, ముందర ముగ్గురు. ఆ మధ్య ముగ్గురిలో ఒకడు కాపలావాళ్ల ముందర నిలబడతాడు, ఇద్దరు పైకీ కిందికీ పరుగెత్తుతారు. నిలబడేవాడు సిక్స్, పరుగెత్తేవాళ్లు ఎయిట్లు. 4-2-3-1 అంటే కాపలా ముందర ఇద్దరు, వాళ్ల పైన ముగ్గురు, చివర ఒక్కడు. మా రోజుల్లో సెంటర్ హాఫ్ అనేవాళ్లం. పేర్లు మారినాయి, మధ్యలో ఒకడు నిలబడి బరువు మొయ్యాల్సిన అవసరం మారలేదు.

నేను సైజింగులో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు ఇట్లా అర్థమవుతుంది. పడుగు నూలుకు గంజి సరిగ్గా పట్టకపోతే మగ్గం మీద దారం తెగుతానే ఉంటుంది. గంజి బాగా పట్టి గుడ్డ బాగా వస్తే ఎవరిని మెచ్చుకుంటారు? మగ్గం మీదవాణ్ని. సైజింగువాడు దారం తెగిననాడే గుర్తొస్తాడు. సిక్స్ గతి కూడా అంతే. గోల్ కొట్టినవాణ్ని భుజాల మీద ఎత్తుకుంటారు. ఆ బంతిని వెనక ఎవడు పట్టి ఇచ్చాడో అడిగేవాళ్లు తక్కువ.

ఈ వాదనలో లివర్‌పూల్ కథ నాకు బాగా నచ్చింది. మా పిల్లలు చెప్తే తర్వాత నేనూ కూర్చొని ఆ ఆటలు చూశాను. 2023 ఎండాకాలంలో ఆ జట్టులో మధ్య ఆడే హెండర్సన్, ఫాబీన్యో ఇద్దరూ సౌదీ జట్లకు వెళ్లిపోయారు. సిక్స్ చోటు ఖాళీ అయింది. బ్రైటన్ జట్టులోని కైసేదో కోసం సుమారు 11 కోట్ల పౌండ్లు ఇస్తామన్నారు. బ్రైటన్ ఒప్పుకుంది, ఆటగాడు ఒప్పుకోలేదు. చెల్సీకి పోతానన్నాడు, పోయాడు. అప్పుడు జర్మనీ నుంచి ముప్ఫయ్యేళ్ల జపాన్ ఆటగాడు ఎండోను తెచ్చారు. ఆ తర్వాత బయర్న్ మ్యూనిక్ నుంచి గ్రావెన్‌బెర్క్ అనే డచ్చి కుర్రవాణ్ని తెచ్చారు. పొడగరి, అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. కానీ వాడు సిక్స్ అని ఎవరూ అనుకోలేదు. ముందుకు పరుగెత్తే ఎయిట్ అనుకున్నారు. ఆ ఏడాది ఎక్కువగా బదిలీవాడిగానే దిగాడు. బదిలీవాడంటే మీకు నేను చెప్పక్కర్లేదు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, ఎవడు రాలేదో వాడి చోట్లో పని దొరుకుతుందా అని చూసేవాడు.

2024లో కోచ్ క్లాప్ వెళ్లిపోయి స్లాట్ వచ్చాడు. మళ్లీ సిక్స్ కావాలన్న మాటే. ఈసారి స్పెయిన్ దేశపు సుబిమెండి. ఆ జులైలో యూరో ఫైనల్లో స్పెయిన్ మధ్య ఆటగాడు రోద్రి దెబ్బ తగిలి సగంలో ఆగిపోతే, అతని బదులు దిగినవాడు ఈ సుబిమెండే. స్పెయిన్ 2-1తో ఇంగ్లాండును ఓడించింది. లివర్‌పూల్ అభిమానులంతా అతను వచ్చేస్తాడనే అనుకున్నారు. మా వాడలో అయితే అతన్ని ఎక్కడ నిలబెట్టాలి, పక్కన ఎవరుండాలి అని కొట్టు గోడ మీద బొగ్గుతో గీతలు కూడా గీశారు. బావ తిట్టి తుడిపించాడు. ఆగస్టులో కబురొచ్చింది. సుబిమెండి సొంత ఊరి జట్టు రియల్ సొసియెదాద్‌లోనే ఉంటానన్నాడు. చిన్నప్పటి నుంచి ఆ జట్టులో పెరిగినవాడు, అప్పటికి కదలబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం మావాళ్ల ముఖాలు చూడాలి. "అయిపోయింది, ఈ ఏడు ఐదో స్థానం కూడా రాదు" అన్నాడొకడు. రెండేళ్లు వరసగా పిలిచినవాడు రాలేదు, డబ్బుండీ ఆటగాడు దొరకలేదు.

స్లాట్ ఏం చేశాడు? ఇంట్లో ఉన్నవాళ్లను చూశాడు. పోయిన ఏడాది బదిలీ ఆడిన గ్రావెన్‌బెర్క్‌ను తెచ్చి కాపలావాళ్ల ముందర నిలబెట్టాడు. పక్కన మెక్ అలిస్టర్, వాళ్లకు పైన సొబోస్లాయ్. 2024 ఆగస్టు 17న ఇప్స్విచ్ మీద మొదటి ఆట 2-0తో గెలిచారు. సెప్టెంబరు 1న మాంచెస్టర్ యునైటెడ్ మీద వాళ్ల గ్రౌండులోనే 3-0. మొదటి గోల్ ఎట్లా పుట్టిందో చూడండి. అవతలి మధ్య ఆటగాడు ఇచ్చిన బంతిని గ్రావెన్‌బెర్క్ మధ్యలోనే పట్టేసి, ముందుకు తీసుకుపోయి సలాకు ఇచ్చాడు. సలా దాటించాడు, డియాజ్ తలతో కొట్టాడు. కాగితం మీద రాసేది డియాజ్ పేరే.

అతని దగ్గర నేను గమనించినది ఒకటుంది. వెనకవాళ్లు ఇచ్చిన బంతిని తీసుకుంటూనే ఒళ్లు తిప్పేస్తాడు. మీదికొచ్చినవాడు వెనకపడిపోతాడు. పొడుగు కాళ్లతో రెండడుగులు వేస్తే ముందర ఖాళీ. ముందు ఆడేవాడిగా నేర్చుకున్న ఆటే అది. చోటు మారినా ఆ విద్య వాడితోనే వచ్చింది. ముప్ఫయి దాటిన ఎండో కూడా అలగలేదు. గెలుస్తున్న ఆటను చివరి నిమిషాల్లో కాపాడడానికి దిగేవాడు. 2025 ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి, ఇంకా నాలుగు ఆటలుండగానే లివర్‌పూల్ లీగు గెలిచేసింది. అది వాళ్లకు ఇరవయ్యో కప్పు. ఆ ఏడాది ప్రీమియర్ లీగులో ఉత్తమ యువ ఆటగాడి బహుమతి గ్రావెన్‌బెర్క్‌కు వచ్చింది.

ఇది చెప్పగానే ఆర్సెనల్ పిల్లవాడు లేచాడు. వాడి మాట కూడా రాయకపోతే అన్యాయం. "పెదనాయనా, మీరు ఒకవైపే చెప్తా ఉండారు. అదే సుబిమెండిని మేము 2025 జులైలో తెచ్చుకున్నాం. ఎందుకు? కొత్తవాడొచ్చి సిక్స్ చూసుకుంటే రైస్ ముందుకు పోయి ఆడొచ్చు. బయటినుంచి తేవడం తప్పెట్లా అవుతుంది?" నిజమే. బయటివాణ్ని తేవడమే తప్పని నేను అనను. ఇంట్లోవాడికి ఏది చేతనవునో చూసి, వాడి చెయ్యి విప్పడానికి తెస్తే అది ఒక రకం. ఇంట్లోవాణ్ని చూడకుండానే తెస్తే అది ఇంకో రకం. రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది లోపలివాడికి మాత్రమే.

మన తెలుగు నేలలోనే ఈ చూపున్న మనిషి ఒకాయన ఉన్నాడు. హైదరాబాదు రహీం సాబు. బడిపంతులుగా మొదలై భారత జట్టుకు కోచ్ అయ్యాడు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు ఐదేళ్లు వరసగా గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్ అనే వెనక కాపలా ఆటగాడికి తల పగిలి కుట్లు పడ్డాయి. వెనక పెట్టడానికి భయం. వేరేవాళ్లయితే ఇంటికి పంపేవాళ్లేమో. రహీం సాబు అతన్ని తీసుకుపోయి ముందర, సెంటర్ ఫార్వర్డులో పెట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం 2-1తో గెలిచాం. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది ఆ జర్నైల్ సింగ్‌ది. ఒకడు వెనకనుంచి ముందుకు పోయి గెలిపించాడు, అరవై ఏళ్ల తర్వాత ఇంకొకడు వెనక్కి వచ్చి గెలిపించాడు.

ఇదంతా బెంచీ మీద కూర్చొని చెప్పడం సుళువు. ఇంటికొస్తే మా మనవడు అన్నం ముందర కూర్చొని మెతుకు ముట్టలేదు.

"నన్ను వెనక్కి తోసేస్తా ఉండారు తాతా. గోల్స్ కొట్టేవాణ్ని తీసుకుపోయి కాపలా కుక్క మాదిరి నిలబెడతారంట."

మా కూతురికి వేరే భయం. ఆమె ఎక్స్‌పోర్టు కంపెనీలో బట్టలు కుడుతుంది. అల్లుడు ఆటో తోలుతాడు. వచ్చే నెల ఒక కాలేజీలో స్పోర్ట్సు కోటా సెలక్షను ఉంది. సీటొస్తే ఫీజు లేదు. రాకపోతే పిల్లవాణ్ని కూడా ఏదో ఒక పనిలో పెట్టాల్సిందే. "ఇన్నేళ్లు ముందర ఆడి, నెల ముందు చోటు మారిస్తే వీణ్ని ఎవరు చూస్తారు నాయనా? నువ్వు పోయి కోచ్ సారుకు చెప్పు. ఆ కొరుక్కుపేట అబ్బాయినే పెట్టుకోమను. కావాలంటే ఆ డబ్బులో మా వాటా మేమిస్తాం" అంది.

చెప్పడానికే బయలుదేరాను. బావ కొట్టు దాటి పోవాలి గదా. అక్కడ నా కాళ్లు ఆగిపోయినాయి.

1987 సంక్రాంతి టోర్నమెంటు. అప్పుడు మా వాడ జట్టుకు నేను కార్యదర్శిని. మా సెంటర్ హాఫ్ బావే. సన్నగా ఉండేవాడు, గట్టిగా మాట్లాడేవాడు కాదు. కానీ బంతి వాణ్ని దాటి పోయేది కాదు. ఫైనల్లో అవతలి జట్టు పెద్దది. నాకు భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా ఒక ఆఫీసు జట్టు నుంచి పేరున్న హాఫ్‌బ్యాక్‌ను మాట్లాడుకొచ్చాను. నూటయాభై రూపాయలు, బస్సు చార్జీ, బిర్యానీ. ఆట పొద్దున, బట్టలు మార్చుకునేటప్పుడు బావతో చెప్పాను, "ఈ ఒక్క ఆటకు నువ్వు కూర్చో" అని. బావ ఏమీ అనలేదు. జెర్సీ విప్పి, మడతపెట్టి, నా చేతికిచ్చాడు.

మేము 1-0తో గెలిచాం. ఆ కప్పు ఇంకా మా రీడింగు రూములో అద్దాల బీరువాలో ఉంది. వచ్చినవాడు బాగానే ఆడాడు, సాయంత్రం డబ్బు తీసుకొని పోయాడు, మళ్లీ మా వీధి మొహం చూడలేదు. బావ కూడా మళ్లీ బూట్లు కట్టలేదు. ఆనాటికి ఇరవై నాలుగేళ్లు వాడికి. నేను ఇన్నేళ్లూ రోజుకు రెండుసార్లు వాడి చేతి టీ తాగుతూ ఆ మాట ఎత్తలేదు. ఓడిపోయుంటే ఎప్పుడో క్షమాపణ చెప్పేవాణ్ని. గెలిచాం కాబట్టి తప్పు చేశానని నాకే చాలా ఏళ్లు తెలియలేదు.

ఆ రోజు కొట్లో కూర్చున్నాను. మా మనవడు కూడా నా వెనకే వచ్చి ముఖం ముడుచుకొని నిలబడ్డాడు. పిల్లలు వాదించుకుంటానే ఉన్నారు. ఎప్పుడూ నోరు తెరవని బావ, గ్లాసులు కడుగుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఒరే అబ్బయా, ఆ గ్రావెన్‌బెర్కో ఎవడో, వాడు బంతి కాలికి రాకముందు ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూస్తాడో లెక్కపెట్టినావా?"

వీడు తెల్లబోయాడు. "లేదు తాతా."

"లెక్కపెట్టు. ముందర ఆడేవాడికి గోల్ ఒకటి కనిపిస్తే చాలు. నడమ ఆడేవాడికి నాలుగు దిక్కులా మనుషులే. బంతి వచ్చినాక చూస్తే ఆలస్యం అయిపోతుంది. రాకముందే చూసుండాల. నిన్ను వెనక్కి తొయ్యడం లేదురా. నీ ముందర గ్రౌండు పెద్దది చేస్తా ఉండారు."

ఎవరూ మాట్లాడలేదు. టీ పొంగితే బావ మళ్లీ స్టవ్వు దగ్గరికి పోయాడు. ముప్ఫయి ఏళ్లుగా ఆ పిల్లలకు టీ ఇచ్చే మనిషి వాళ్ల కన్నా ఎక్కువ తెలిసినవాడని అప్పటిదాకా ఒక్కరికీ తెలియదు. తెలిసినవాణ్ని నేను ఒకణ్నే, నేను చెప్పలేదు.

ఆ రాత్రి మనవడు ఫోన్లో పాత ఆట పెట్టుకొని వేళ్లు మడిచి లెక్కపెట్టడం చూశాను. మర్నాడు పొద్దున ఆరు గంటలకు గ్రౌండులో ఉన్నాడు. గట్టు మీద కండువా కప్పుకొని బావ. "చూడు! ఇప్పుడు చూడు!" అని ఒకటే కేక. వాడి గొంతు అంత పెద్దదని నాకు ఇన్నేళ్లకు తెలిసింది.

కోచ్ సారుతో నేను మాట్లాడాను గానీ, కూతురు చెప్పమన్నది చెప్పలేదు. వేరే రెండు మాటలు చెప్పాను. ఒకటి, పిల్లవాణ్ని నడమ పెట్టండి, కానీ ఎందుకు పెడుతున్నారో వాణ్ని కూర్చోబెట్టి చెప్పండి. ఆట పొద్దున చెప్పకండి. రెండు, సెలక్షనులో వాడు రెండు చోట్లా ఆడగలడని కాగితం మీద రాసి పంపండి. రెండు చోట్లు ఎరిగినవాడికి తలుపులు కూడా రెండు. సారు ఒప్పుకున్నాడు. కొరుక్కుపేట అబ్బాయి సంగతి సెలక్షను అయినాక చూద్దామన్నారు. వాడొచ్చినా రావచ్చు. వస్తే మనవాణ్ని కూర్చోబెట్టడానికి కాకుండా, పక్కన నిలబడడానికి రావాలి.

మా కూతురికి ఇంకా నా మీద కోపమే. సీటు రాకపోతే ఆ నింద నాదే. ఒప్పుకుంటాను. మొన్నటి ఆదివారం వీడు మొదటిసారి మధ్యలో ఆడాడు. మొదటి సగంలో రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు, ఒకసారి గోల్ పడేదే, కొంచెంలో తప్పింది. రెండో సగంలో మెల్లగా మెడ తిరగడం మొదలైంది. ఆట 1-1. గెలవలేదు, ఓడలేదు. మధ్యలోంచి మాత్రం ఎవరూ నడుచుకుంటూ రాలేదు.

ఇదంతా రాస్తానని బావను అడిగాను. "రాసుకో బావా. నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. కాసేపాగి, "ఆ నూటయాభై రూపాయలు అప్పుడు ఎక్కడినుంచి తెచ్చినావు?" అని అడిగాడు. చందా డబ్బులోంచి అని చెప్పాను. "అందులో నాదీ రెండు రూపాయలుంది" అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అక్కడే చెప్పాల్సిన మాట చెప్పాను. అందరి ముందర చేసిన తప్పును చాటుగా ఒప్పుకుంటే చాలదు కాబట్టి ఇక్కడ కూడా చెప్తున్నాను. తప్పు నాది బావా.

మీ వాడల్లో కూడా జట్లున్నాయి, భజన మండళ్లున్నాయి, సంఘాలున్నాయి. ఏదైనా చోటు ఖాళీ అయితే బయటికి కబురు పెట్టేముందు ఒక్కసారి బెంచీ వైపు చూడండి. అక్కడ కూర్చున్నవాడికి వేరే చోటిస్తే ఏమవుతాడో అడిగి చూడండి.

సెలక్షను సంగతి వచ్చే నెల రాస్తాను, సీటొచ్చినా రాకపోయినా. పెన్షను కాగితాల సంగతి కూడా వచ్చే నెలే. ఎవరైనా ముందే రావాలనుకుంటే సాయంత్రం ఐదు దాటినాక బావ కొట్టు దగ్గర ఉంటాను. పొద్దున పూట రావద్దు, గ్రౌండు గట్టు మీద ఉంటాం ఇద్దరం.